సంతకం పైన మిగిలిన ఖాళీ

ముప్పై నాలుగేళ్లు భివండీ కోర్టు గోడ బయట, రేకుల నీడన, మరాఠీ టైపు మిషను ముందు కూర్చున్నాను. మునిసిపాలిటీవాళ్లు నన్ను మూడుసార్లు అక్కడి నుంచి లేపారు. ఒక గుమాస్తా రోజూ పొద్దున తన మోటారు సైకిలు తెచ్చి నా బల్లకు ఆనించి పోయేవాడు. ఒక వకీలు, ఇప్పుడు పెద్ద పేరున్నవాడే, తొలి రోజుల్లో నా దగ్గర పదకొండు దావాలు టైపు చేయించుకున్నాడు. పేరు వచ్చాక నన్ను "ఏయ్ టైపింగ్" అని పిలవడం మొదలుపెట్టాడు, నాకు అమ్మానాన్నలు పేరు పెట్టనట్టు. ఇలాంటివి నేను మరిచిపోను. అందరి మీదా అర్జీలు పెట్టాను.

అయితే ఇప్పుడు రాస్తున్నది ఎవరో నాకు చేసిన అన్యాయం గురించి కాదు. నేను ఒకరికి చేసినదాని గురించి. మన పిల్లల్లో కొందరు ఇప్పుడు వకీలు చదువు చదువుతున్నారు. కొందరు ఆఫీసుల్లో కాగితాలు రాసే పనిలో ఉన్నారు. వాళ్లు చదవాలని రాస్తున్నాను. సలహాలు ఇవ్వడం నాకు చేతకాదు, జరిగింది చెబుతాను.

మన సాంచాలవాళ్ల సంగతి మీకు తెలిసిందే. సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి తాతల నాడు సాంచాల పనికి, అంటే కరెంటు మగ్గాల పనికి, ఇక్కడికి వచ్చాం. ఊరు మారినా ఇంటి తగువులు కులపెద్దల ముందుకే పోయేవి. ఆలుమగలు విడిపోవాలన్నా అక్కడే తేలేది. ఆ సభకు ఒక పద్ధతి ఉండేది. మాట మొదలుకాకముందే ఇద్దరి చేత వంద రూపాయల ఖాళీ స్టాంపు కాగితం అడుగున సంతకం పెట్టించేవారు. మీరు ఏది చెప్పినా దాటం అని దాని అర్థం. సంతకం పెట్టాకే పెద్దలు నోరు విప్పేవారు. తీర్పు అయ్యాక దాన్ని ఒక చీటీ మీద తెలుగులో రాసి, సంతకాలున్న స్టాంపు కాగితంతో కలిపి నా దగ్గరికి పంపేవారు. కోర్టు గోడ పొడుగునా ఉన్న టైపిస్టుల్లో తెలుగు చదివి మరాఠీలో రాయగలిగింది నేనొక్కణ్నే.

ఇందులో ఒక చిక్కుంది. సంతకం ముందే పడి ఉంటుంది కనక విషయం సరిగ్గా దాని పైన వచ్చి ఆగాలి. విషయం ఎక్కువైతే వరసలు దగ్గర చేయాలి, తక్కువైతే దూరం చేయాలి. మధ్యలో ఖాళీ వదలకూడదు, తర్వాత ఎవరైనా ఏదైనా ఇరికించవచ్చు. నేను ఇందులో చేయి తిరిగినవాడిని. చీటీని ఒకసారి చూసి, సంతకం ఎక్కడుందో చూసి, మిషనుకు కాగితం ఎక్కిస్తే చివరి వరస వచ్చి సంతకం నెత్తిన వేలు సందు లేకుండా కూర్చునేది. పెద్దలు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క విషయంలోనే.

ప్రతి కాగితం చివర ఒక వాక్యం ఉండేది. పై సంగతంతా ఇరుపక్షాలకూ వాళ్ల భాషలో చదివి వినిపించి, అర్థమైందని చెప్పాక సంతకాలు తీసుకున్నాం అని. నేను ఎవరికీ ఏదీ చదివి వినిపించలేదు. కాగితం నా దగ్గరికి వచ్చేసరికి వాళ్లు ఎప్పుడో ఇళ్లకు పోయి ఉండేవారు. ఆ వాక్యాన్ని నా వేళ్లు వాటంతట అవే కొట్టేవి.

రిటైరవడానికి నాలుగైదేళ్ల ముందు ఒక జంట కాగితం వచ్చింది. మగాయనకు గైబీ నగర్‌లో ఎనిమిది సాంచాల షెడ్డు ఉంది. ఆమె సిరిసిల్ల వైపు నుంచి పెళ్లయి వచ్చింది. తెలుగులో ఏడో తరగతి చదివింది, మరాఠీ అక్షరం తెలియదు. ఒక కూతురు, ఆరేళ్లది. అత్తతో పడక, మొగుడు రెండుసార్లు చెయ్యి చేసుకున్నాక, ఆమె కాశేలిలో ఉన్న అక్క దగ్గరికి పోయింది. పోయిన రోజు పిల్ల బడిలో ఉంది. తర్వాత పిల్లను పంపలేదు. కాశేలి గోదాముల్లో ఒకచోట సామాన్లు డబ్బాల్లో సర్దే పనికి కుదురుకుని, పిల్ల కోసమే ఆమె సభకు ఒప్పుకుంది.

సభ పెద్దాయన చీటీలో పిల్ల గురించి రాసింది ఇంతే: "పిల్ల ఈ సాలు బడి అయ్యేదాక తండ్రి కాడ. ఎనుక మళ్ల కూసుందం." అంటే ఈ ఏడాది బడి అయ్యాక మళ్లీ సభలో కూర్చుని మాట్లాడదామని.

చీటీ చిన్నది. ఆమె సంతకమేమో కాగితం అట్టడుగున, అంచుకు తగిలేట్టు ఉంది. వరసలు ఎంత దూరం చేసినా నాలుగు వేళ్ల ఖాళీ మిగులుతోంది. అంతకంటే దూరం చేస్తే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. నా ఫైల్లోంచి పాత కాగితం నకలు ఒకటి తీశాను. అందులో పిల్ల తండ్రి దగ్గరే ఉంటుంది, తల్లికి ఇకపై పిల్ల మీద ఏ హక్కూ లేదు, ఏ కోర్టులోనూ అడగదు అని ఉంది. ఆ పాత తగువులో తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటూ తనవాళ్ల చేతే అలా రాయించుకుంది. ఇక్కడ ఎవరూ అడగలేదు. కానీ కొలిచి కోసినట్టు ఖాళీకి సరిపోయింది. "ఎనుక మళ్ల కూసుందం" అన్న మాట స్టాంపు కాగితానికి తగినట్టు అనిపించలేదు, వదిలేశాను. కాగితం మిషనులోంచి తీసి, చివరి వరస సంతకం మీద ఎంత చక్కగా కూర్చుందో కాసేపు చూసుకుని, చాయ్ తాగాను.

ఎండాకాలం సెలవులు మొదలయ్యాక ఒక రోజు మధ్యాహ్నం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. మెడలో గోదాం గుర్తింపు కార్డు ఉంది, చేతిలో ఆ కాగితం జిరాక్సు. నన్ను ఎవరో చూపించారట.

"కాకా, ఇండ్ల ఏం రాసున్నదో జెర సదివి సెప్పుండ్రి. పిల్లను పంపమంటె కాగితం సూడుపో అంటున్నరు."

చదివాను. మరాఠీ వరస ఒకటి, దాని తెలుగు ఒకటి. హక్కు లేదన్న చోటికి వచ్చేసరికి నా గొంతు తగ్గింది. ఆమె ఇంకోసారి చదవమంది. చదివాను.

"గిది ఎవలన్నరు కాకా? నేను అనలే. పెద్దలు సుత అనలే. నేను ఆడనే ఉన్న."

చివరి వాక్యం చదివాను. చదివి వినిపించి సంతకం తీసుకున్నాం అన్నది.

"ఎప్పుడు సదివిన్లు?" అంది. అరవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

ఆ రోజు నేను చేసింది మొదటి తప్పుకన్నా పెద్దది. భయపడ్డాను. కాగితం వెనక టైపు చేసినవాడిగా నా ముద్ర ఉంది. ఈమె కోర్టుకు పోతే ఆ ముద్ర దగ్గరికి వస్తారు. అందుకని బజారులో పదిమంది అనే మాటే నేనూ అన్నాను.

"కోర్టుకు పోకు బిడ్డా. పోతె పిల్లను బాలల కోర్టుకు కొంచవోయి రిమాండ్ హోంల ఏస్తరు. పెద్దలనే అడుగు."

ఆమె జిరాక్సును నాలుగు మడతలు పెట్టింది. "మా పిల్ల ఏం తప్పు జేసిందని ఏస్తరు?" అని అడిగి వెళ్లిపోయింది.

రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పెద్దాయన దుకాణానికి పోయాను. ఆయన బట్ట వ్యాపారి, సభలో ఆయన మాటే చివరి మాట, ఆ మగాయనకు దూరపు చుట్టం కూడా. గద్దె మీద ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. ఆ మాట చీటీలో లేదని, ఖాళీ నింపడానికి నేనే కలిపానని, ఇంకో కాగితం రాసి సరిచేద్దామని చెప్పాను. నన్ను కూర్చోమనలేదు.

"సభ కాగితంల తప్పు ఉండదయ్యా" అన్నాడు ఆయన. "రాసింది రాసినట్టే ఉండనియ్యి. పిల్ల ఆడ మంచిగనే ఉన్నది."

"నేను తప్పు కొట్టిన అంటున్న గదా."

"నీ మిషను ఎన్నడన్న మాట్లాడిందా? లేదు గదా. మరి నువ్వెందుకు మాట్లాడుతున్నవ్?"

నలుగురూ నవ్వారు. అందులో ఒకతనికి కొడుకు బడి కాగితాలు నేను ఊరికే టైపు చేసి ఇచ్చాను. అతనే ఎక్కువ నవ్వాడు.

ఇంటికి పోయి అటక మీది ఫైళ్లు దించాను. నా దగ్గరికి వచ్చిన ఏ చీటీనీ నేను పారేయను. ఎవడైనా నా మీద నింద వేస్తే చూపించడానికి ఉండాలని కట్టలు కట్టి పెడతాను. మూడో కట్టలో దొరికింది, పెద్దాయన సొంత చేతిరాతలో. "ఎనుక మళ్ల కూసుందం" అన్న మాటతో సహా.

ఆ పిల్ల ముఖం తలుచుకుని ఆ చీటీ వెతికానని రాస్తే బాగుండేది. నేను అప్పటికి ఆ పిల్లను చూడనే లేదు. నేను తలుచుకున్నది ఆ నలుగురి నవ్వును.

ఆమె నా మాట వినలేదు. ఠాణేలో పేదలకు ఉచితంగా వకీలును ఇచ్చే చోటికి ఎవరినో పట్టుకుని పోయింది. పిల్లను తనకు అప్పగించమని అక్కడి జిల్లా కోర్టులో దరఖాస్తు పడింది. తండ్రి తరఫువాళ్లు జవాబుగా ఆ స్టాంపు కాగితం పెట్టారు. నాకు సాక్షిగా సమన్లు వచ్చాయి.

చీటీ తీసుకుని ఆమె వకీలు దగ్గరికి పోయాను. చిన్నపిల్ల, మరాఠీ అమ్మాయి. నన్ను నలభై నిమిషాలు నిలబెట్టింది, గడియారం చూసుకున్నాను. తర్వాత కాగితం ముందు పెట్టి చాలా సంగతులు చెప్పింది. ఆలుమగల విడాకులకు కులాచారం చెల్లుతుందా లేదా అన్నది వేరే రుజువు చేసుకోవాల్సిన విషయమట. పిల్ల విషయంలో మాత్రం పెద్దల తీర్పు గానీ, తల్లిదండ్రులు రాసుకున్న ఒప్పందం గానీ కోర్టు చేతులు కట్టెయ్యలేవు. పిల్లకు ఏది మంచిదో అదొక్కటే చూస్తారు. బాలల కోర్టంటే నేరం మోపబడిన పిల్లల కోసం. దిక్కులేని, ఆపదలో ఉన్న పిల్లల కోసం వేరే కమిటీ ఉంది. ఈ పిల్లకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు, ఇద్దరూ నాకు కావాలంటున్నారు. పిల్లను ఏ హోంకూ పంపే పని లేదు.

"ముప్పై ఏళ్లుగా కోర్టు గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఇది తెలియదా?" అని అడిగింది మరాఠీలో.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. నిజం కాబట్టి ఎక్కువ గుచ్చుతుంది. ఆ అమ్మాయిని నేను ఇంకా క్షమించలేదు.

ఆ వకీలు ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పింది. సంతకం మీద నేనే కలిపి కొట్టానని ఒప్పుకుంటే అవతలి వకీలు నన్ను దొంగ కాగితం చేశావంటాడని, జడ్జి విచారణకు రాయవచ్చని, నేను సొంతంగా ఒక వకీలును అడగడం మంచిదని. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను.

"ఈ ఈడుల జైలుకు పోతవా ఏంది?"

"పోతె పోత. ఆడ సుత అర్జీలు పెట్టుకుంట."

"గదొక్కటి మంచిగొస్తది నీకు" అంది. ఆ రోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది.

సాక్ష్యం రోజున మొదట పెద్దాయనను పిలిచారు. కాగితమంతా తెలుగులో చదివి వినిపించాకే ఆమె సంతకం పెట్టిందని చెప్పాడు. తర్వాత నేను. జీవితమంతా కోర్టు బయట గడిపినవాడిని, బోనులో నిలబడటం అదే మొదటిసారి. బోను అంచు పట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. సంతకం ముందు, టైపు తర్వాత. చీటీలో ఉన్నది ఒకటి, నేను కొట్టింది ఒకటి. ఎందుకు కలిపావంటే ఖాళీ నింపడానికని చెప్పాను. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు కోర్టు హాలులో ఎవరో నిట్టూర్చారు. ఎవరో చూడలేదు.

అవతలి వకీలు లేచాడు. నా గురించి బాగానే విచారించి వచ్చాడు. ఎవరెవరి మీద ఏ అర్జీ పెట్టానో వరసగా చదివాడు. మునిసిపాలిటీ, గుమాస్తా, బార్ అసోసియేషన్, కులసంఘం. ఈయనకు పెద్దాయన మీద పగ, దుకాణంలో జరిగిన మాటలకు కక్ష తీర్చుకుంటున్నాడు, అవునా కాదా అన్నాడు. అబద్ధం చెప్పడానికి నాకు దారి లేదు. అవునన్నాను. పగ ఉంది, పోయేది కాదు. కానీ చీటీ నా చేతిరాత కాదు, ఆయనది, అన్నాను.

జడ్జి చీటీ తీసుకున్నారు. పెద్దాయనను మళ్లీ ముందుకు పిలిచి ఈ రాత మీదేనా అని అడిగారు. ఆయన కళ్లజోడు తీసి, ధోతి అంచుతో తుడిచి, పెట్టుకుని, చీటీని చాలాసేపు చూశాడు. కాదని అనవచ్చు. అంటే రాత నిపుణుల దగ్గరికి పంపాలి, ఏడాది పడుతుంది, ఆ ఏడాదీ పిల్ల తల్లికి దూరంగానే ఉండేది. ఆయన తల ఎత్తి, "నాదే సాబ్" అన్నాడు. నాకు ఇష్టం లేకపోయినా ఇది రాయాలి. ఆ రెండు మాటలు అనడం నా సాక్ష్యం కన్నా కష్టం.

జడ్జి నావైపు తిరిగి, చదివి వినిపించాం అన్న వాక్యం గురించి అడిగారు. ఇలాంటి కాగితాలు ఎన్ని చేశావన్నారు. లెక్క తెలియదన్నాను. అందరి ముందూ నన్ను మందలించారు. మళ్లీ ఒకరి సంతకం మీద ఒక్క అక్షరం కొట్టినా ఊరుకోనన్నారు. విచారణకు మాత్రం రాయలేదు. తర్వాత నేను చెప్పిన సాక్ష్యమంతా నాకు చదివి వినిపించి, సరేనంటే అప్పుడు సంతకం పెట్టమన్నారు. పెట్టాను. అది అంతసేపు పడుతుందని, వినే మనిషికి అంత గౌరవంగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

ఆ తర్వాత సంతకం ఉన్న ఖాళీ కాగితం ఎవరు తెచ్చినా తిప్పి పంపాను. కొందరు వేరే టైపిస్టును చూసుకున్నారు. చూసుకోనీ.

పిల్లను జడ్జి తన గదిలోకి పిలిచి మాట్లాడారు. తల్లి లేదు, తండ్రి లేడు, వకీళ్లు లేరు, పిల్లలతో మాట్లాడే కౌన్సిలరు ఒకామె మాత్రం ఉంది. ఏం మాట్లాడారో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. బయటికి వచ్చి పిల్ల తల్లిని అడిగింది ఒక్కటే: "అమ్మా, మేరా స్కూల్ గదే ఉంటదా? బదల్ తో కాదు గదా?"

రెండు వారాల తర్వాత ఆర్డరు. నాకు అక్కడ పని లేదు, పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. కేసు పూర్తయ్యేదాకా పిల్ల తల్లి దగ్గర ఉండాలి, బడి మార్చకూడదు, తండ్రి ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకు పిల్లను తీసుకుపోవచ్చు అని జడ్జి స్టెనోకు చెబుతున్నారు. తల్లి కళ్లు మూసుకుంది. నా గుండెల మీంచి ఒక సాంచా దించినట్టయింది.

అప్పుడు తండ్రిని చూశాను. గోడ పక్కన నిలబడి వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆదివారం. భివండీలో సాంచాలకు సెలవు శుక్రవారం. ఆదివారం షెడ్డు నడుస్తుంది, అతను మనిషిని పెట్టుకున్నవాడు కాదు, తానే నడుపుకునేవాడు. ఒక ఆదివారం రాడు, రెండో ఆదివారం రాడు. ఆరు నెలల తర్వాత తండ్రికి పిల్ల మీద ధ్యాస లేదని ఎవరో దరఖాస్తు వేస్తారు. అలాంటివి నేనే టైపు చేశాను. అతని వకీలు ఠాణేవాడు, శుక్రవారం సంగతి తెలియదు. అతనికి నోరు లేవడం లేదు.

లేచి నిలబడ్డాను. బంట్రోతు కూర్చో అని సైగ చేశాడు. జడ్జి కళ్లజోడు పైనుంచి చూసి, మళ్లీ మీరేనా అన్నారు. సాంచాల సెలవు శుక్రవారమని, ఆదివారమైతే ఈయన రాలేడని చెప్పాను. జడ్జి తండ్రిని అడిగారు. తల ఊపాడు. తల్లిని అడిగారు. ఆమె చాలా రోజుల తర్వాత అతని ముఖంలోకి చూసింది.

"నిజమే సాబ్. శుక్రారం బడి ఇడిసినంక కొంచవోనియ్యుండ్రి. రాత్రి బువ్వ తినిపిచ్చి తోలియ్యిమనుండ్రి. దానికి బాపు చేతి ముద్దంటె ఇష్టం."

స్టెనో ఆదివారం కొట్టేసి శుక్రవారం రాసింది. జడ్జి నన్ను ఇక కూర్చోమన్నారు, ఈసారి కసురుకోకుండా.

తిరుగు బస్సు నిండిపోయింది. తల్లీ పిల్లా కిటికీ పక్కన కూర్చున్నారు. ఆమె పిల్లను ఒళ్లోకి తీసుకుని జరిగి, "కూసోండ్రి కాకా" అంది. కూర్చున్నాను. నేను క్షమించమని అనలేదు. అనాల్సింది. కాశేలిలో దిగిపోయారు. పిల్ల కిందికి దిగాక బస్సు వైపు చెయ్యి ఊపింది, నాకో డ్రైవరుకో తెలియదు.

ఇంటికి రాగానే మా ఆవిడ గడపలోనే అడిగింది, ఇయ్యాల ఎవలతోని లొల్లి పెట్టుకున్నవని. ఎవరితోనూ లేదన్నాను. ఎవరి మీదా కోపం లేదన్నాను. ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి, దగ్గరికి వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.